బావి దగ్గర మోషే



వలసజీవుల, శరణార్థుల దినాన్ని శ్రీసభ 1914వ సంవత్సరం నుండి పాటిస్తున్నది. 2019 నుండి సెప్టెంబరు నెల చివరి ఆదివారం దానికి కేటాయించారు. అటువంటి ఒక ఆదివారం కోసం ప్రసంగం తయారు చేసుకుంటున్న రోజుల్లోనే బోధన్ ప్రాంతపు తల్లి ఒకామె పూజ ముగిశాక గుడి మెట్ల దగ్గర నన్ను ఆపింది. ఆమె భర్త గల్ఫ్ దేశంలో ఉన్నాడు. రెండేళ్లకోసారి వచ్చి పోతాడు.

"ఫాదర్, మా బిడ్డ బాక్సింగు నేర్చుకుంటనని ఒక్క తీరుగ ఏడుస్తున్నది. ఒక చెంప మీద కొడితే ఇంకో చెంప చూపమని ప్రభువే చెప్పె. మరి గుద్దుడు నేర్చుకుంటే పాపం గాదా?" అని అడిగింది.

నేను జవాబు చెప్పబోయేంతలో మళ్లీ అందుకుంది. "ఇంకొక మాట ఫాదర్. మా పక్కింట్ల బీహారు పోరగాళ్లు కిరాయికి దిగిండ్రు. ఎవరో, ఏందో! టీవీ పెడితే బాంబుల ముచ్చట్లే. ఇంట్ల మగదిక్కు లేదు. నాకు భయమైతున్నది."

ఆమె రెండు వేర్వేరు ప్రశ్నలు అడిగిందని ముందు అనుకున్నాను. ఆ సాయంత్రం నిర్గమకాండము రెండవ అధ్యాయం తెరిచి కూర్చున్నప్పుడు తెలిసింది, రెండూ ఒకే ప్రశ్న అని. దేవుడు ఇచ్చిన ఈ చేతితో నేనేం చేయాలి? పిడికిలి బిగించాలా, తలుపు తెరవాలా? ఆ తల్లి అడిగింది అదే. ఈ వారం మనమందరం ఆ ప్రశ్నను ధ్యానిద్దాం.

మోషే జీవితం ఎక్కడ మొదలైందో గుర్తు తెచ్చుకోండి. మగపిల్లలందరినీ నదిలో పారవేయమని ఫరో ఆజ్ఞాపించిన కాలంలో పుట్టిన బిడ్డ అతడు. ఊచకోత నుండి బయటపడిన పసివాడు. పెద్దవాడయ్యాక ఒకనాడు ఐగుప్తీయుడొకడు తన హెబ్రీయ సోదరుణ్ణి కొట్టడం చూశాడు. కోపం వచ్చింది. ఆ కోపం న్యాయమైనదే. కానీ అటూ ఇటూ చూసి, ఎవరూ లేరని నిశ్చయించుకొని, వాణ్ణి చంపి ఇసుకలో పూడ్చిపెట్టాడు. మంచి పని చేసేవాడు అటూ ఇటూ చూడడు. అక్కడే ఆ పిడికిలి దారి తప్పింది. మరునాడు ఇద్దరు హెబ్రీయులు కొట్టుకుంటుంటే విడదీయబోయాడు. నిన్న ఐగుప్తీయుణ్ణి చంపినట్టు మమ్మల్నీ చంపుతావా అని వాళ్లు ఎదురు తిరిగారు. చూడండి! నిన్నటి దెబ్బ నేటి మంచి మాటకు విలువ లేకుండా చేసింది. ఫరోకు సంగతి తెలిసి చంపించబోయాడు. మోషే మిద్యాను దేశానికి పారిపోయాడు. రాజకుమార్తె పెంచిన బిడ్డ, చేతిలో ఏమీ లేకుండా పరాయి దేశంలో ఒక బావి పక్కన కూలబడ్డాడు.

ఆ బావి దగ్గరికి ఏడుగురు అక్కచెల్లెళ్లు తమ మందకు నీళ్లు తోడడానికి వచ్చారు. మొరటు కాపరులు వచ్చి వాళ్లను తరిమివేయబోయారు. మోషే లేచి నిలబడ్డాడు. ఆ ఆడపిల్లల పక్షాన నిలిచి, ఆ తరువాత తానే నీళ్లు తోడి వాళ్ల మందకు పోశాడు. అదే మనిషి, అదే చేయి. ఐగుప్తులో ఆ చేయి ప్రాణం తీసింది. మిద్యానులో అదే చేయి బలహీనులను కాపాడి, నీళ్లు తోడింది. దేవుడు మోషే బలాన్ని తీసివేయలేదు, దానికి దారి చూపాడు.

ఇప్పుడు మన నిజామాబాదుకు వద్దాం. 1996లో ఈ పట్టణంలో పుట్టిన నిఖత్ జరీన్ పేరు మీ పిల్లలందరికీ తెలుసు. ఆమె తండ్రి జమీల్ అహ్మద్ గారు సౌదీ అరేబియాలో ఏళ్ల తరబడి ఉద్యోగం చేసి, బిడ్డల చదువు కోసం, ఆట కోసం తిరిగి వచ్చినవారు. మొదట పరుగు పందేలకు తయారవుతున్న ఆ చిన్నపిల్ల, అన్ని ఆటల్లో ఆడపిల్లలు ఉండి బాక్సింగులో మాత్రం ఎందుకు లేరని తండ్రిని అడిగింది. ఆడవాళ్లకు అంత బలం లేదని లోకం అనుకుంటుందని ఆయన చెప్పారు. ఆ మాటే ఆమెకు పంతమైంది. మొదట్లో అబ్బాయిలతోనే తలపడవలసి వచ్చింది. ముఖం కమిలి ఇంటికి వస్తే తల్లి ఏడ్చింది. రేపు పెళ్లెట్లా అవుతుందని అందరు తల్లుల లాగే దిగులు పడింది.

ఆ బిడ్డ 2011లో టర్కీలో జూనియర్ ప్రపంచ విజేత అయింది. 2017లో భుజం జారి చాలా కాలం ఆటకు దూరమైంది. 2022 మే నెలలో ఇస్తాంబుల్‌లో, 2023 మార్చిలో ఢిల్లీలో ప్రపంచ విజేతగా నిలిచింది. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో మాత్రం చైనా క్రీడాకారిణి వూ యూ చేతిలో ఓడి కంటతడి పెట్టింది. ఆ వూ యూయే చివరకు స్వర్ణం గెలిచింది. నిజామాబాదు వాడే అయిన హుసాముద్దీన్ 2018లో, 2022లో కామన్వెల్త్ కాంస్యాలు, 2023లో ప్రపంచ పోటీల కాంస్యం తెచ్చాడు. ఈ పట్టణపు పిల్లలకు రింగు కొత్త కాదు.

మరి ఇది పాపమా? వీధి కొట్లాటకు, రింగులో ఆటకు తేడా ఏమిటో ఆలోచించండి. వీధిలో గంట మోగదు. రింగులో గంట మోగగానే ఎత్తిన చేయి దిగాలి. వీధిలో నడుం కింద కొడతారు, వెనుక నుండి కొడతారు. రింగులో అది తప్పు. వీధిలో బలవంతుడు బలహీనుణ్ణి వెతుక్కుంటాడు. రింగులో సమాన బరువు ఉన్నవారినే నిలబెడతారు. పోటీ ముగియగానే ఇద్దరూ కౌగిలించుకుంటారు. పునీత పౌలుగారు కొరింతీయులకు రాసిన మొదటి లేఖ తొమ్మిదవ అధ్యాయంలో తనను తాను ముష్టియోధునితో పోల్చుకున్నారు. గాలిని గుద్దేవాడిలా తాను పోరాడనని, తన శరీరాన్ని తానే అదుపులో పెట్టుకుంటానని రాశారు. ఎదుటివాణ్ణి పడగొట్టడం కంటే తనను తాను గెలవడం ఆయన దృష్టిలో పెద్ద పని. చెంప చూపమన్న ప్రభువు మనలను పిరికివాళ్లను చేయలేదు. దెబ్బకు దెబ్బ కొట్టగలిగి కూడా కొట్టకుండా నిలబడడానికి ఎంత బలం కావాలో ఆలోచించండి.

అయితే తల్లిదండ్రులకు ఒక హెచ్చరిక. తలకు తగిలే దెబ్బ చిన్నది కాదు. పిల్లలను పంపేముందు శిక్షకుడు ఎటువంటివాడో కనుక్కోండి. తలకు రక్షణ కవచం లేకుండా దిగనివ్వకండి. దెబ్బ తగిలాక తల తిరిగినా, వాంతి అయినా వెంటనే వైద్యుని వద్దకు తీసుకువెళ్లండి. నేర్చుకున్న విద్యను గల్లీలో, బడిలో ఎవరి మీదనైనా చూపితే ఆ రోజుతో ఆట బంద్ అని ముందే చెప్పండి. మోషే ఐగుప్తులో చేసిన తప్పు మన పిల్లలు ఇక్కడ చేయకూడదు.

ఇక రెండవ ప్రశ్న. పక్కింటి పరాయివాడు.

2024 పారిస్ ఒలింపిక్స్‌లో నిఖత్ ఆడిన ఆ బాక్సింగులోనే, వేరే బరువు విభాగంలో, సిండీ న్గాంబా అనే యువతి కాంస్య పతకం గెలిచింది. ఆమె ఏ దేశపు జెండా కిందా ఆడలేదు. ఆమెది శరణార్థుల జట్టు. 2016లో రియోలో పదిమందితో మొదలైన ఆ జట్టుకు అదే మొదటి పతకం. కామెరూన్‌లో పుట్టి పదకొండేళ్ల వయసులో ఇంగ్లండు చేరిన ఆమెను, పత్రాలు లేవని ఒకసారి నిర్బంధ కేంద్రానికి కూడా తీసుకుపోయారు. తిరిగి పుట్టిన దేశానికి పోతే ఆమెకు క్షేమం లేదు. ఆ ఒలింపిక్స్ ప్రారంభోత్సవంలో ఆమెతో కలిసి జెండా పట్టిన యువకుడు యాహ్యా అల్ ఘొతానీ. సిరియా యుద్ధం నుండి కుటుంబంతో పారిపోయి జోర్డాను ఎడారిలోని అజ్రక్ శిబిరం చేరాడు. టైక్వాండో నేర్చుకున్నది ఆ శిబిరంలోనే. అంతకు ముందు రియోలో ఆడిన జూడో క్రీడాకారుడు పోపోలె మిసెంగా, కాంగో దేశపు యుద్ధంలో చిన్నతనంలోనే తల్లిని పోగొట్టుకొని అడవిలో ఒంటరిగా దొరికిన బిడ్డ.

యుద్ధాన్ని చూసిన పిల్లలకు మళ్లీ యుద్ధవిద్యలు ఎందుకని కొందరు అడుగుతారు. వాళ్లు చూసిన హింసకు నియమం లేదు. ఇక్కడ నియమం ఉంది. అక్కడ శత్రువుకు ముఖం లేదు. ఇక్కడ ఎదురుగా నిలిచినవాడు ముందు వంగి నమస్కరించి మరీ తలపడతాడు. ఆగమన్నప్పుడు ఆగే బలం ఒకటి లోకంలో ఉందని ఆ పిల్లలు తమ శరీరంతోనే నేర్చుకుంటారు. మోషే చేతికి బావి దగ్గర కలిగిన మార్పు అటువంటిదే.

జోర్డాను ఎడారి అనగానే మన పల్లెల్లో కొందరు పెద్దవాళ్లకు ఇంకొకటి గుర్తుకు రావాలి. 1990 ఆగస్టు 2న ఇరాకు సైన్యం కువైటును ఆక్రమించింది. అక్కడ పనిచేస్తున్న మనవాళ్లు కట్టుబట్టలతో బయలుదేరి జోర్డాను సరిహద్దు చేరారు. ఎండలో గుడారాల్లో, నీళ్ల కోసం వరుసల్లో నిలబడ్డారు. అమ్మాను నగరం నుండి ఎయిర్ ఇండియా విమానాలు రెండు నెలల పాటు తిరిగి లక్షమందికి పైగా భారతీయులను ఇంటికి చేర్చాయి. వారిలో తెలుగువాళ్లు ఎందరో ఉన్నారు. ఆ రోజుల్లో మనవాళ్లకు రొట్టె పెట్టింది ఎవరు? మన భాష రాని, మన మతం కాని పరాయివాళ్లు.

ఇంకా వెనక్కి పోదాం. బర్మాలో రంగూను ఓడరేవులోను, బియ్యం మిల్లుల్లోను వేలాది తెలుగు కూలీలు పనిచేసేవారు. 1942లో జపాను సేనలు రాగానే, లక్షలాది భారతీయులతో కలిసి వాళ్లూ అడవుల గుండా, కొండల మీదుగా కాలినడకన బయలుదేరారు. దారిలో ఆకలికి, జ్వరాలకు వేలమంది రాలిపోయారు. విశాఖపట్నంలో బర్మా క్యాంపు అనే పేరు నేటికీ బర్మా నుండి వచ్చినవాళ్లను గుర్తు చేస్తుంది. అప్పుడు రంగూను బియ్యం మిల్లులో బస్తా మోసినవాడు తెలుగువాడు. ఈనాడు నిజామాబాదు బియ్యం మిల్లులో బస్తా మోస్తున్నవాడు బీహారు యువకుడు. వీళ్లిద్దరిలో పరాయివాడు ఎవరు?

మన బోధన్ సంగతే చూడండి. 1931లో నిజాంసాగర్ పూర్తయి మంజీరా నీళ్లు పారాక, 1937లో శక్కర్‌నగర్‌లో చక్కెర కారఖానా మొదలయ్యాక, ఈ నేలకు ఎక్కడెక్కడి నుండో జనం వచ్చారు. కోస్తా జిల్లాల రైతులు చెరకు వేయడానికి వచ్చారు. ఆసియాలోనే పెద్దదని పేరుపొందిన ఆ కారఖానా 2015 డిసెంబరులో మూతపడింది. దాని కూతతో పొద్దు తెలుసుకున్న కుటుంబాలు పనికోసం చెదిరిపోయాయి. వలస వచ్చినవాళ్లతో పెరిగిన ఊరు, వలస పోయినవాళ్లతో చిన్నబోయింది. రెండు బాధలూ తెలిసిన మనకు కొత్తగా వచ్చినవాని బాధ తెలియకపోవడం ఏమిటి? పరదేశిని పీడించవద్దు, మీరూ ఐగుప్తులో పరదేశులుగా ఉన్నవాళ్లే కదా అని లేవీయకాండము పంతొమ్మిదవ అధ్యాయంలో ప్రభువు గుర్తు చేసింది ఇందుకే. మన రక్షకుడే పసితనంలో హేరోదు కత్తికి తప్పించుకొని, జోజప్పగారి చేయి పట్టుకొని, మరియమాత ఒడిలో ఐగుప్తుకు పోయిన శరణార్థి. 1952లో పన్నెండవ పయస్ పోపుగారు ఆ తిరుకుటుంబాన్నే శరణార్థి కుటుంబాలన్నిటికీ ఆదర్శంగా చూపారు.

భయం మాట ఏమిటని అడుగుతారు. భయపడడం పాపం కాదు. భయపడడానికి కారణాలూ ఉన్నాయి. 2007 ఆగస్టు 25న హైదరాబాదులో లుంబినీ పార్కులో, గోకుల్ చాట్ దగ్గర బాంబులు పేలి నలభై మందికి పైగా చనిపోయారు. 2013 ఫిబ్రవరి 21న దిల్‌సుఖ్‌నగర్‌లో 18 మంది బలయ్యారు. 2019 ఏప్రిల్ 21న, పాస్కా పండుగ నాటి ఉదయం, శ్రీలంకలో కొలంబోలోని పునీత అంతోని గుడిలో, నెగొంబోలోని పునీత సెబస్తియాను గుడిలో, మరికొన్ని చోట్ల బాంబులు పేలి రెండు వందల యాభై మందికి పైగా మరణించారు. పండుగ బట్టలతో పూజకు వచ్చినవాళ్లు ఇంటికి పోలేదు. మరణించినవారిని నాలుగు రోజులు పత్రికలు తలచుకున్నాయి. బతికి బయటపడినవాళ్ల సంగతి? కాలు పోయినవాడు, చెవి వినపడనివాడు, పెద్ద శబ్దమైతే ఉలిక్కిపడే బిడ్డ వాళ్ల మిగిలిన జీవితమంతా ఆ క్షణంతోనే కాపురం చేస్తారు. దిల్‌సుఖ్‌నగర్ కేసులో న్యాయస్థానం 2016లో తీర్పు చెప్పింది. హైకోర్టు 2025లో దాన్ని ఖరారు చేసింది. తీర్పు రావలసిందే. కానీ తీర్పు వచ్చిన నాడు గాయం మానదు. గాయపడినవానికి పక్కన మనిషి కావాలి.

ఇక్కడ ఒక్క సంగతి జాగ్రత్తగా గమనించండి. శరణార్థులలో ఎక్కువమంది అటువంటి బాంబుల నుండే పారిపోయి వచ్చినవాళ్లు. మనం ఎవరిని చూసి జడుస్తున్నామో వాళ్లే మనకంటే ముందు ఆ భయాన్ని చవిచూశారు. 2024 చివరికి లోకంలో 12 కోట్ల 32 లక్షల మంది యుద్ధాల వల్ల, హింస వల్ల ఇళ్లు వదిలినవాళ్లని ఐక్యరాజ్య సమితి లెక్క చెప్పింది. మిద్యాను ఆడపిల్లలు ఇంటికి పోయి, ఒక ఐగుప్తీయుడు మమ్మల్ని కాపాడాడని తండ్రితో చెప్పారు. బట్టలు, మాట చూసి వాళ్లు మోషేను ఐగుప్తీయుడనే అనుకున్నారు. నిజానికి అతడు ఐగుప్తు నుండి పారిపోయి వచ్చినవాడు! పైపై గుర్తులు చూసి మనిషిని తేల్చేస్తే మనమూ ఆ పొరపాటే చేస్తాం.

న్యాయం అడగడం, పగ పెంచుకోవడం ఒకటి కాదు. రెండవ జాన్ పాల్ పోపుగారిని 1981 మే 13న పునీత పేతురు చౌకులో ఒకడు తుపాకితో కాల్చాడు. ఆసుపత్రి మంచం మీద నుండే ఆయన వాణ్ణి క్షమించారు. 1983 డిసెంబరులో చెరసాలకు స్వయంగా వెళ్లి వాని పక్కన కూర్చొని మాట్లాడారు. వాని శిక్ష మాత్రం ఏళ్ల తరబడి సాగింది. శ్రీలంకలో కార్డినల్ మాల్కం రంజిత్ గారు తన ప్రజలను ప్రతీకారానికి దిగవద్దని ఆపారు. అదే నోటితో నిజం బయటపెట్టమని ప్రభుత్వాన్ని ఏళ్లతరబడి అడుగుతూనే వచ్చారు. 2023 జనవరిలో ఆ దేశపు సుప్రీంకోర్టు మాజీ అధ్యక్షుడు, అధికారులు తమ బాధ్యతలో విఫలమయ్యారని చెప్పి, బాధితులకు పరిహారం కట్టమంది. ఆ గురువుగారి పిడికిలి ఎవరి మీదా పడలేదు. అలాగని ఆయన నోరు మూసుకోనూ లేదు.

సహోదరులారా, మిద్యాను కథలో మనకు మిగిలిన పాత్ర ఆ ఇంటి పెద్దది. రెవూయేలు బిడ్డల మాట విన్నాక ఏమన్నాడో చూడండి. అతడేడీ, ఎందుకు వదిలివచ్చారు, భోజనానికి పిలవండి అన్నాడు. ఆ ఒక్క పిలుపు వల్ల పారిపోయినవాడు ఒక ఇంటివాడయ్యాడు. ఆ ఇంటి మందలు కాస్తుండగానే మండుతున్న పొదలో దేవుని స్వరం విన్నాడు. రెవూయేలు ఆనాడు తలుపు వేసుకుని ఉంటే?

ఆ తల్లికి నేను ఇదంతా చెప్పలేదు. బిడ్డను శిక్షణకు పంపమని, మొదటి నెల తానే వెంటపోయి మైదానం గట్టున కూర్చోమని చెప్పాను. పక్కింటివాళ్ల గుర్తింపు పత్రాలు చూశారా అని ఇంటి యజమానిని అడగమన్నాను. అది తప్పు కాదు, జాగ్రత్త. ఆ తరువాత వాళ్ల పేర్లు అడగమన్నాను.

మూడు వారాల తరువాత కనిపించింది. "పేర్లడిగిన ఫాదర్. చిన్నోనికి మా తమ్ముని ఈడే ఉంటది. అమ్మ యాదికొస్తే ఫోన్ పట్టుకుని బయట కూసుంటడు. మా ఆయన గూడ ఆడ గట్లనే కూసుంటడో ఏమో. భయం మొత్తం పోలె, సగం పోయింది" అంది.

సగం పోయింది చాలు. మిగిలిన సగం ప్రభువు చూసుకుంటారు.

ఈ వారం ప్రతి కుటుంబం మూడు పనులు చేయాలని కోరుతున్నాను. మీ వీధిలో పరాయి ఊరి నుండి వచ్చి ఉంటున్న ఒక మనిషి పేరు తెలుసుకోండి. హింసలో, ప్రమాదంలో గాయపడి, అందరూ మరిచిపోయిన ఒకరి ఇంటికి వెళ్లి కాసేపు కూర్చోండి. సలహాలు చెప్పవద్దు, వినండి. మీ ఇంట్లో కోపంతో ఉన్న పిల్లవాడో పిల్లో ఉంటే తిట్టకండి. ఆ బలానికి ఒక మైదానం, ఒక మంచి గురువు చూపించండి. రాత్రి జపమాల ముగిశాక ఈ మాటలతో ప్రార్థించండి.

ఐగుప్తుకు పారిపోయిన యేసు ప్రభువా, ఇల్లు లేనివారికి మా ఊరిని ఇల్లు చేయండి. గాయపడినవారికి మమ్మల్ని తోడు చేయండి. మా బిడ్డల పిడికిళ్లను బలహీనుల పక్షాన నిలపండి. మా భయాన్ని తగ్గించి మా తలుపు తెరవండి. ఆమెన్.